రోజుకు పది రూపాయల చదువు

మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూలు ఆవరణలో, వంటగది పక్కన, ఒక చిన్న గది. గోడల నిండా బొమ్మలు, తలుపు మీద ‘భవిత కేంద్రం’ అన్న బోర్డు. లోపల నడక నేర్పడానికి రెండు సమాంతర కడ్డీలు, మాట నేర్పేటప్పుడు పెదవుల కదలిక చూసుకోవడానికి ఒక నిలువుటద్దం, పెద్ద రబ్బరు బంతి, మూలన మడిచి ఆనించిన చక్రాల కుర్చీ. ఆ కుర్చీ ఎవరిదని అడిగాను. శిబిరంలో కొలతలు తీసుకున్నప్పుడు బాబుకు ఏడేళ్లట. కుర్చీ చేతికొచ్చేసరికి వాడు ఎదిగిపోయాడు, నడుము దగ్గర ఇరుకైంది. “ఇంకో చిన్నపిల్లాడు ఎవరైనా వస్తే పనికొస్తుందని దాచిపెట్టాను సార్” అంది అక్కడి టీచరమ్మ. ఆ బాబును వాళ్లమ్మ ఇప్పటికీ చంకనెత్తుకునే ఆటోలోంచి దించుతోంది.

ఆ టీచరమ్మను కాగితాల మీద ఐఈఆర్‌పీ అంటారు, అంటే సహిత విద్య రిసోర్స్ పర్సన్. మామూలుగా మండలానికి ఇద్దరుండాలి. అక్కడ రెండో కుర్చీ చాలాకాలంగా ఖాళీ. మండలంలో గుర్తించిన ప్రత్యేకావసరాల పిల్లలు డెబ్బై మందికి పైనే. వాళ్లలో రోజూ కేంద్రానికి వచ్చేవాళ్లు పదిమంది లోపు. మిగతావాళ్లు చుట్టుపక్కల ఊళ్ల బళ్లలో ఉన్నారు, మంచం దిగలేని కొందరు ఇళ్లలోనే ఉన్నారు. వారంలో కొన్ని రోజులు ఆమె వాళ్ల దగ్గరికి వెళుతుంది. ఆమె వెళ్లిన రోజు కేంద్రానికి తాళం పడుతుంది. ఫిజియోథెరపిస్టు వారానికి ఒక్కసారి వస్తాడు. డబ్బు పెట్టి కొనగలిగినవన్నీ ఆ గదిలో ఉన్నాయి. చాలనిది మనుషులే. ప్రత్యేకావసరాలున్న పిల్లల చదువుకు మన ప్రభుత్వాలు పెడుతున్న డబ్బు కథంతా నాకు ఆ గదిలోనే కనబడింది.

చట్టం నిదానంగానైనా చాలా దూరమే వచ్చింది. ఈ పిల్లలను మామూలు బళ్లలోనే చదివించాలని 1964-66 నాటి కొఠారి కమిషనే చెప్పింది. 1974లో కేంద్రం తొలి పథకం పెట్టింది, కానీ పెట్టింది సాంఘిక సంక్షేమ శాఖ కింద. అది విద్యాశాఖ చేతికి రావడానికి 1982 దాకా పట్టింది. వీళ్లది చదువు సమస్య కాదు, సంక్షేమ సమస్య అన్న ఆలోచన ఆ ఎనిమిదేళ్లలోనే ఉంది, ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు. 1995 వికలాంగుల చట్టం పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కన్నది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. తీవ్ర వైకల్యమున్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును 2012 సవరణ చేర్చింది. ఏడు రకాల వైకల్యాలనే గుర్తించిన 1995 చట్టం స్థానంలో ఇరవై ఒక్క రకాలను గుర్తించే చట్టం 2016లో వచ్చింది. ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన లోపాలు, తలసేమియా అన్నీ అందులో చేరాయి. మనం వాడే మాటా మారుతూ వచ్చింది: వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు. గౌరవంగా పిలవడం మంచిదే, నేనూ జాగ్రత్తగానే పిలుస్తాను. కానీ హక్కుతో పాటు డబ్బు పెరిగిందా అన్నదే ఇక్కడ ప్రశ్న.

సర్వశిక్షా అభియాన్ మొదలైన రోజుల్లో ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 1,200 రూపాయలు. విద్యాహక్కు చట్టం వచ్చాక దాన్ని 3,000 చేసి, అందులో కనీసం వెయ్యి రిసోర్స్ టీచర్లకే ఖర్చు పెట్టాలన్నారు. 2018లో సర్వశిక్షను, మాధ్యమిక శిక్షను కలిపి సమగ్ర శిక్ష చేసినప్పుడు, ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లవాడికి ఏడాదికి 3,500 అని ఖాయం చేశారు. ఆడపిల్లలకు అదనంగా నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండ్. ఈ 3,500 మామూలు బడి ఖర్చు మీద అదనంగా ఇచ్చేది. బడి కట్టడం, క్లాసు టీచరు, మధ్యాహ్న భోజనం అందరితో పాటు వీళ్లకూ ఉన్నాయి. ప్రత్యేక టీచర్ల గౌరవ వేతనానికి విడిగా కొంత సాయమూ వస్తుంది. ఇవన్నీ ఒప్పుకుని చూసినా 3,500ను 365తో భాగిస్తే రోజుకు పది రూపాయలు కూడా కాదు. వైద్య శిబిరం, వినికిడి యంత్రం, బ్రెయిలీ పుస్తకం, పెద్దక్షరాల పుస్తకం, ఆటో ఖర్చు, తోడొచ్చేవాళ్ల భత్యం, ఫిజియోథెరపీ, ఇవన్నీ అందులోనే సర్దుకోవాలి.

ఇప్పుడు మనిషి లెక్క వేద్దాం. 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేకావసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. పదిహేను మంది లెక్కే తీసుకుందాం. ఒక టీచరు జీతం నెలకు 40 వేలనుకుంటే ఏడాదికి 4 లక్షల 80 వేలు. పదిహేను మందికి పంచితే తలకు 32 వేలు. అదే పదిహేను మందికి తలకు 3,500 చొప్పున వచ్చేది మొత్తం 52,500. ఆ టీచరుకు రెండు నెలల జీతానికి కూడా చాలదు. కోర్టు చెప్పినది ఒక లెక్క, బడ్జెట్ రాసుకున్నది ఇంకో లెక్క. దేశం మొత్తానికి చూసినా ఇంతే. 2021-22 యూడైస్ లెక్కల ప్రకారం బళ్లలో ఉన్న ప్రత్యేకావసరాల పిల్లలు 22.67 లక్షలు. తలకు 3,500 చొప్పున దాదాపు 793 కోట్లు, అందులోనూ నలభై శాతం రాష్ట్రాల వాటా. 2025-26లో కేంద్రం సమగ్ర శిక్ష మొత్తానికి కేటాయించినది 41,250 కోట్లు. దాని పక్కన పెడితే రెండు శాతం కూడా రాదు.

బళ్లలో ఉన్న ఆ 22.67 లక్షల మందే అందరూ కాదు. 2011 జనాభా లెక్కల ఆధారంగా యునెస్కో 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో పంతొమ్మిదేళ్ల లోపు వికలాంగ పిల్లలు 78 లక్షల పైచిలుకు. అయిదేళ్ల వయసున్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఏ బడికీ వెళ్లడం లేదు. అయిదు నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లను కలిపి చూసినా నాలుగో వంతు బడి బయటే. తలసరి పద్ధతిలో బడి బయట ఉన్న బిడ్డకు డబ్బు రాదు. ఆ డబ్బుతో నడిచే శిబిరాలే ఆ బిడ్డను వెతికి బడికి తేవాలి. పేరు ఎక్కితేనే డబ్బు, డబ్బుంటేనే పేరు ఎక్కించే మనిషి. ఈ ముడి ఎక్కడో ఒకచోట విప్పకపోతే అంకెలు ఇలాగే ఉంటాయి.

లెక్కలో పడడానికి మన దగ్గర దారి సదరం సర్టిఫికెట్. స్లాటు దొరకాలి, జిల్లా ఆసుపత్రికి రోజు కూలి పోగొట్టుకుని వెళ్లాలి, డాక్టరు చూసి వైకల్యం ఎంత శాతమో రాయాలి. నలభై, ఆపైన వస్తే పెన్షన్. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పెన్షన్ నెలకు 6,000, తెలంగాణలో ఆసరా కింద 4,016. ఆ డబ్బును నేను ఒక్క రూపాయి కూడా తగ్గించమనను. బిడ్డను చూసుకోవడానికి తల్లి కూలి మానుకున్న ఇంట్లో అదే బియ్యం, అదే మందు. కానీ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు. ఒకే బిడ్డకు ఆంధ్రలో ఏడాదికి 72 వేల పెన్షన్, ప్రత్యేక చదువు కోసం తలసరి 3,500. పెన్షన్ పోస్టు లాగా ప్రతి నెలా ఒకటో తేదీ ఇంటికొస్తుంది. చదువు డబ్బు ఎప్పుడు వచ్చిందో, ఎటు పోయిందో తల్లికి తెలియదు. అందుకే ఆ సర్టిఫికెట్ మన ఊళ్లలో పెన్షన్ కాగితమైంది, చదువు కాగితం కాలేదు.

ఆ శాతంతో ఇంకో ఇబ్బంది ఉంది. అది శరీరం సంగతి చెబుతుంది, బడిలో ఏం కావాలో చెప్పదు. కాలు సన్నబడి 60 శాతం వచ్చిన పిల్లకు ర్యాంపు, దగ్గర్లో మరుగుదొడ్డి ఉంటే చాలు, తరగతిలో అందరికంటే ముందుంటుంది. 40 దాటని ఆటిజం పిల్లవాడికి రోజంతా పక్కన ఒక మనిషి కావాలి. ఇద్దరికీ ఒకటే 3,500. అక్షరాలు తిరగరాసే పిల్లల సంగతి మరీ కష్టం. అభ్యసన లోపానికి మూడో తరగతో ఎనిమిదేళ్లో వచ్చేదాకా సర్టిఫికెట్ ఇవ్వరు. వాళ్లకు సాయం అందాల్సింది మాత్రం ఒకటో తరగతిలోనే. ఎనిమిదేళ్లు నిండేసరికి ‘మొద్దు’ అన్న పేరు పడిపోతుంది. కాగితం తర్వాత వస్తుంది, పేరు మాత్రం పోదు.

డబ్బు నడిచే దారి చూస్తే అదింకో కథ. బిడ్డ పుట్టినప్పటి నుంచి పరీక్షించాల్సింది ఆరోగ్యశాఖ, 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద. ఆరేళ్లలోపు అంగన్‌వాడీ, అంటే స్త్రీ శిశు సంక్షేమ శాఖ. బడి విద్యాశాఖది. చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలింకో నుంచి రావాలి, దాని ఖర్చులో అరవై శాతం కేంద్ర సామాజిక న్యాయ శాఖ పథకానిది, నలభై శాతం విద్యాశాఖది. స్వచ్ఛంద సంస్థల ప్రత్యేక పాఠశాలలకు గ్రాంటు మళ్లీ సామాజిక న్యాయ శాఖది. అంగన్‌వాడీలో టీచరు గమనించిన సంగతి ఒకటో తరగతి టీచరుకు చేరే ఏర్పాటు ఎక్కడా సరిగ్గా లేదు. ప్రతి మెట్టు దగ్గరా తల్లి మొదటినుంచీ చెప్పుకోవాలి, మళ్లీ అదే ఫైలు, అదే జిరాక్సు.

విద్యాశాఖ డబ్బు కూడా నేరుగా రాదు. సమగ్ర శిక్షలో కేంద్రం 60, రాష్ట్రం 40. కేంద్రం విడుదల చేయాలి, రాష్ట్రం తన వాటా కలపాలి, అప్పుడు రాష్ట్ర కార్యాలయం నుంచి జిల్లాకు. ఎక్కడ ఒక కిస్తీ ఆగినా ముందు ఆగేది చివరన ఉన్న మనిషి జీతం. పీఎం శ్రీ బడుల ఒప్పందం మీద సంతకం చేయలేదని 2024-25లో తమిళనాడుకు కేంద్రం సమగ్ర శిక్ష నిధులు ఆపింది. తమకు రావాల్సింది 2,152 కోట్లని ఆ రాష్ట్రం చెప్పింది. ఆ తగాదాలో ఎవరిది న్యాయమన్నది వేరే చర్చ. ఆ మూటలోనే ప్రత్యేకావసరాల పిల్లల డబ్బూ ఉందన్నది మాత్రం నిజం. ఈ పిల్లల చదువును రెండు ప్రభుత్వాల రాజకీయానికి తాకట్టు పెట్టే ఏర్పాటును ఎవరు చేసినా తప్పే అంటాను.

మన దగ్గర భవిత టీచర్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. ప్రాజెక్టు డబ్బుతో నడిచే పోస్టు కాబట్టి ప్రాజెక్టుతో పాటే పొడిగింపు. 2023 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో, 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు పత్రికలు ఎక్కువగా కస్తూర్బా విద్యాలయాల గురించి రాశాయి. భవిత కేంద్రాల గురించి రాసింది తక్కువ. అక్కడికి వచ్చే పిల్లలు పదిమందే కదా, గది మూతపడినా చప్పుడు ఉండదు. కానీ ఆటిజం బిడ్డకు టీచరు మారితే నెలల తరబడి కూడగట్టిన నమ్మకం పోతుంది. ‘అ’ అనడానికి ఏడాది పట్టిన బిడ్డ మళ్లీ నోరు మూసుకుంటాడు. ఈ చదువులో టీచరు ఒకే చోట ఉండటమే సగం చికిత్స. అందుకే జీతం ఏ పద్దు కింద వస్తోందన్నది ఆఫీసు సంగతి కాదు, నేరుగా ఆ బిడ్డ సంగతి.

ఇక్కడ మంచి మాట కూడా ఉంది. కోర్టు తీర్పు ఒత్తిడితో రెండు రాష్ట్రాలూ కదిలాయి. తెలంగాణ 2024 డీఎస్సీలో మొదటిసారి పెద్దఎత్తున ప్రత్యేక విద్య పోస్టులు చేర్చింది: 796 ఎస్జీటీలు, 220 స్కూల్ అసిస్టెంట్లు. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 2,260 పోస్టులు మంజూరు చేసింది, వాటిలో 1,136 ఎస్జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్. యాభై ఏళ్లలో వచ్చిన పథకాలన్నిటికంటే ఇది పెద్ద అడుగని నా అభిప్రాయం. ఎందుకంటే ఇవి ప్రాజెక్టు పోస్టులు కావు, రాష్ట్ర బడ్జెట్‌లో స్కేలుతో ఉండే పోస్టులు. ఏడాదికోసారి పొడిగింపు కోసం చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు. ఆంధ్రలో మండలాలు దాదాపు 680. పంచితే మండలానికి ముగ్గురికి కాస్త పైన. అవసరానికి ఇంకా తక్కువే అయినా, ఒక్కరున్న చోట ముగ్గురంటే ఆ గదికి తాళం పడదు. మంజూరైన పోస్టు భర్తీ అయిందా, భర్తీ అయిన టీచరును ఎన్నికల పనికీ మరో బడి డిప్యుటేషన్‌కూ పంపకుండా ఉంచారా అన్నది ఇకనుంచి చూడాల్సింది. ఏళ్లుగా ఆ పని చేస్తూ అనుభవం సంపాదించిన కాంట్రాక్టు టీచర్లకు అందులో న్యాయమైన చోటు దక్కాలి.

స్వచ్ఛంద సంస్థల ప్రత్యేక పాఠశాలల గురించి ఎక్కువ చెప్పను. అనంతపురం జిల్లాలో ఆర్డీటీ సంస్థ నడిపిన బళ్లలో వినబడని పిల్లలు, చూపు లేని పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో ఉన్నారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధో వైకల్యమున్నవారి జాతీయ సంస్థ దేశానికే ప్రత్యేక టీచర్లను తయారుచేసింది. కానీ స్వచ్ఛంద బళ్లకు గ్రాంటిచ్చే దీనదయాళ్ పథకం నడిచే కేంద్ర దివ్యాంగుల శాఖ మొత్తం బడ్జెట్ 2025-26లో 1,275 కోట్లు. దేశమంతటికీ, ఉపకరణాలు, స్కాలర్‌షిప్పులు, జాతీయ సంస్థలు అన్నీ కలిపి అంతే. ఆ గ్రాంటు మీదే బడి నడపాలనుకునేవాళ్లు దాతల గుమ్మాల చుట్టూ తిరగక తప్పదు.

పట్నాల్లో డబ్బున్న తల్లిదండ్రులు ప్రభుత్వం వైపు చూడటం మానేశారు. ప్రైవేటు థెరపీ సెంటరు, తరగతిలో పక్కన కూర్చునే షాడో టీచరు, అన్నీ సొంత ఖర్చే. విద్యాహక్కు చట్టంలోని ఇరవై అయిదు శాతం సీట్లలో వికలాంగ పిల్లలకూ హక్కుంది. కానీ ప్రభుత్వం తిరిగి చెల్లించే ఫీజు అందరికీ ఒకటే. ప్రత్యేక టీచరును పెట్టుకోవడానికి అందులో ఏమీ లేదు కాబట్టి ప్రైవేటు బడి ఆ బిడ్డను చేర్చుకోవడానికి వెనకాడుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు కలిస్తే తరచూ వినబడే మాట ఐఈపీ. ఆ బిడ్డకు బడిలో ఏమేం ఇవ్వాలో రాసి, తల్లిదండ్రులతో కలిసి సంతకం పెట్టే పత్రమది. పత్రంలో రాసింది ఇవ్వకపోతే అడిగే హక్కుంది. బిడ్డకు ఆ సదుపాయం పోతుందని తిరిగి రావడం మానుకున్న కుటుంబాలున్నాయి. అక్కడా డబ్బు సంపూర్ణంగా లేదు. 1975 చట్టంలో ఫెడరల్ ప్రభుత్వం అదనపు ఖర్చు కోసం సగటు తలసరి వ్యయంలో 40 శాతం దాకా ఇస్తానంది, ఏనాడూ అంత ఇవ్వలేదు. మిగతాది రాష్ట్రాలు, స్థానిక పన్నులు మోస్తున్నాయి. ఇంగ్లండులో ఒక్కో బిడ్డకు అదనపు సాయంలో మొదటి 6,000 పౌండ్లు, అంటే ఆరు లక్షల రూపాయల పైమాటే, బడే తన బడ్జెట్ నుంచి పెట్టుకోవాలి. ఆపైన కావాలంటే స్థానిక కౌన్సిల్ ఇస్తుంది. చట్టబద్ధమైన ప్రణాళిక పత్రం ఉంటే తప్ప ఆ సాయం గట్టిగా దక్కదని తల్లిదండ్రులు గ్రహించారు. 2024 జనవరికి అలాంటి పత్రాలు 5 లక్షల 76 వేలకు చేరాయి. కౌన్సిళ్లు లోటులో కూరుకుపోయాయి, ఈ ఏర్పాటు ఆర్థికంగా నిలబడదని 2024లో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయమే చెప్పింది.

ఇంగ్లండు సొమ్ముతో మనకు పోలిక లేదు. అయినా అక్కడి అనుభవంలో మనకు కావలసింది ఒకటుంది. కాగితం ఉంటేనే సాయం అంటే, అందరూ కాగితం కోసమే పరుగెడతారు. కాగితంతో పనిలేకుండా మామూలు తరగతిలోనే మొదటి సాయం దొరికితే, చాలామంది పిల్లలకు కాగితం అవసరమే రాదు. మన సదరం దగ్గర జరుగుతున్నదీ ఆ కాగితం పరుగే. అందుకే ఒకటో తరగతిలో వెనకబడిన బిడ్డను సర్టిఫికెట్ అడగకుండా చూసే ప్రత్యేక టీచరు బడికి దగ్గర్లో ఉండాలి. ఆ టీచరు ఖర్చును పిల్లల తలలు లెక్కపెట్టి కాదు, బళ్ల సముదాయానికింత అని పోస్టుగా ఇవ్వాలి. తలసరి డబ్బు ఆపైన రావాలి, అదీ అందరికీ ఒకటే కాకుండా బిడ్డ అవసరాన్ని బట్టి. ఉద్యోగుల కరువు భత్యాన్ని ఏడాదికి రెండుసార్లు సవరించే ప్రభుత్వాలు, 2018లో రాసుకున్న 3,500ను 2021-22 నుంచి 2025-26 వరకు ఆమోదించిన రెండో విడతలోనూ అలాగే ఉంచాయి. ఆ తర్వాతి విడతకు నిబంధనలు రాసేవాళ్లు ముందుగా మార్చాల్సిన అంకె అదే.

చదువుతున్న మీకు ఒక విన్నపం. మీ ఊరి బడిలో తల్లిదండ్రుల కమిటీ కూర్చున్నప్పుడు మన మండలంలో ప్రత్యేక టీచర్ పోస్టులెన్ని, పనిచేస్తున్నది ఎందరు, భవిత కేంద్రానికి ఈ ఏడాది వచ్చిన డబ్బెంత అని అడగండి. హెచ్ఎంకు తెలియకపోతే ఎంఈఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. మండల స్థాయి కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము అయిదు రూపాయలు.